నిస్తంత్రి గృహసేవ

వీధి త్రవ్వి తీగ వేయకయే ఇంటికి ఇంటర్నెట్టును చేర్చు సేవ వ్యాపారముగ నిలువగలదా? 2023 సెప్టెంబరు 19వ తేదీన జియో సంస్థ హైదరాబాదు మున్నగు 8 నగరములలో ఎయిర్‌ఫైబరును ప్రారంభించినది మొదలు ఈ ప్రశ్న విచారణీయమై యున్నది. నాటి కనిష్ఠపు చందా నెలకు 599 రూపాయలు, పన్ను అదనము.

ఇందలి సౌలభ్యము స్పష్టము. త్రవ్వకపు వ్యయము లేదు; టవరు మొబైలు ఫోన్లకై ముందే వెలసియున్నది; ఇంటి యంత్రమునకు సొమ్ము చందాదారు చేరిన పిమ్మటనే వెచ్చింపవచ్చును. కాని టవరు శక్తి పరిమితము. రాత్రివేళ ఇంటిల్లిపాది చలనచిత్రములు చూచు గృహము ఒక్క ఫోనుకంటె పెక్కురెట్లు డేటాను గ్రహించును; చందా మాత్రము అన్నిరెట్లు చెల్లింపదు. చెరువు పెరుగక ఆయకట్టు పెరిగినచో చివరిమళ్లు ఎండక తప్పదు. 26 గిగాహెర్ట్జుల తరంగములు విశేషశక్తి గలవే. కాని గోడలను, చెట్లను, వర్షమును దాటి దూరమేగజాలవు.

కావున మిగులుశక్తి గల టవరుక్రింద, తీగ చేరని శివారులయందు ఈ వ్యాపారము లాభదాయకము. దట్టమైన పేటలలో చందాదారులు పెరిగినకొలది తీగయే చౌక. టవరుకు ఇన్ని గృహములని హద్దు విధించుకొనని సంస్థ నేడు చందాలను గడించి రేపు విశ్వాసమును పోగొట్టుకొనును. చందాదారులును సంవత్సరపు సొమ్ము ముందుగా చెల్లింపక, రాత్రివేళ వేగమును పరీక్షించి నిర్ణయించుకొనుట మేలు.