మందు అసలుదేనా?

పాలలో నీళ్ళు కలిస్తే నాలుక పట్టేస్తుంది. బియ్యంలో రాళ్ళుంటే చేట పట్టేస్తుంది. మందు బిళ్ళలో మందే లేకపోతే పట్టేదెవరు? ఈ నెల పాఠకులతో ఆ సంగతే ముచ్చటించదలిచాము.

నైజీరియా దేశంలో డోరా అకున్యిలి అనే ఔషధశాస్త్ర ఆచార్యురాలు వుండేవారు. ఆమె చెల్లెలికి మధుమేహం. 1988లో నకిలీ ఇన్సులిన్ వాడి ఆ పిల్ల చనిపోయింది. 2001లో డోరాగారు ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు అధిపతి అయినారు. నకిలీ సరకు పట్టించి నలుగురి ఎదుటా తగలబెట్టించారు. 2003లో ఆమె కారుమీద కాల్పులు జరిగాయి. గుండు తలగుడ్డను చీల్చుకుపోయింది గాని ప్రాణం దక్కింది. ఆమె పని మానలేదు.

కంటితో చూసి నకిలీని పోల్చలేమా అంటారేమో. ఆగ్నేయాసియాలో దొరికిన నకిలీ మలేరియా మందు పెట్టెలపై తళతళలాడే హోలోగ్రాం ముద్రకూడా వున్నది. ఆ ముద్రా నకిలీదే! అంచేత 2010లో నైజీరియావారు వేరే ఉపాయం పట్టారు. మలేరియా మందులవంటివాటి పెట్టెమీద పూత వేసిన పట్టీ ఒకటి వుంటుంది. కొన్నవారు దానిని గీకి, లోపలి అంకెలను ఫోనులో ఉచితంగా పంపితే, అసలుదో కాదో జవాబు వస్తుంది.

ఇది పరాయి వూరి గొడవ కాదు. తక్కువ, మధ్య ఆదాయ దేశాలలో సుమారు 10 మందులకొకటి నాసిరకమో నకిలీయో అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో 300 పేరున్న రకాల మందులపై, 2023 ఆగస్టు 1 నుంచి తయారైనవాటికి, క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయినది. ఫోను చూపితే మందు పేరు, తయారీదారు, బ్యాచి నంబరు, గడువు తేదీ కనబడతాయి. అయితే కోడునుకూడా అచ్చు వేయగల మోసగాళ్ళు వుంటారు గనుక అంతటితో నిశ్చింత కూడదు.

మేము చెప్పేది యింతే. దుకాణం బోర్డు అరవంలో వున్నా, కన్నడంలో వున్నా, ఒరియాలో వున్నా, బిల్లు అడిగి తీసుకోండి. అందులోని బ్యాచి నంబరు, పెట్టెమీదిది, బిళ్ళల పట్టీమీదిది ఒకటేనా చూడండి. ఇంట్లో పెద్దలకు చూపు ఆనకపోతే పిల్లలచేత చదివించండి. ఎప్పుడూ వాడే బిళ్ళ రంగు మారినా, గుణం కనబడకపోయినా, పారవేయకండి. మీ అంతట మీరు మందు మానకండి. పట్టీ, బిల్లు తీసుకుపోయి డాక్టరుగారికి చూపండి. అనుమానం తీరకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి.

బిల్లు అడిగితే దుకాణదారు ఏమనుకుంటాడోనని మొగమాటపడకండి. ప్రాణం దగ్గర మొగమాటమేమిటి?