శోకించువారి విశ్వాసమును తూచుట తగునా?

మరణము సంభవించిన యింటికి పరామర్శకై పోవువారు పలుకు మాటలు రెండు విధములుగా నుండును. కొన్ని గాయమును మాన్పును, కొన్ని రేపును. “అక్కా, మన విశ్వాసము చాలలేదేమో, ఇంకను పట్టుదలతో ప్రార్థింపవలసినది” అను మాట రెండవ తరగతికి చెందినది. పలికినవారికి దురుద్దేశము లేదు. అయినను భర్తను పోగొట్టుకొన్న యువతి ఆ మాటను విని, తన ప్రార్థనలోని లోపమే ఆయన ప్రాణమును తీసినదని తలపోయుచు సంవత్సరములు గడపవచ్చును. ఇట్టి భారమును దుఃఖితుల తలపై మోపుటకు మనకు అధికారము కలదా?

2021వ సంవత్సరము ఏప్రిల్, మే మాసములలో కరోనా వ్యాధి రెండవసారి విజృంభించినపుడు ఆసుపత్రిలో మంచము కొరకును, ప్రాణవాయువు కొరకును జనులు పరుగులిడిన దినములను చంద్రపూరు మరువలేదు. దేవాలయములు మూతపడగా ప్రార్థనలు టెలిఫోనులలోనే సాగినవి. కొందరు రోగులు ఇల్లు చేరిరి, కొందరు చేరలేదు. చేరినవారు సంఘము నెదుట నిలిచి సాక్ష్యమిచ్చుట న్యాయమే. కాని అంతే కన్నీటితో ప్రార్థించి, తమవారి ముఖమును కడసారి చూచుటకైనను నోచుకొననివారు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండిరి. వారి మొరకు మన ఆరాధనలో తావేది?

యాకోబు పత్రికలో విశ్వాసముతో చేయు ప్రార్థన రోగిని స్వస్థపరచునని యున్నది గదా యని కొందరందురు. ఉన్నది. అది రోగి కొరకు ప్రార్థింపుమని సంఘమునకు చేసిన ఉపదేశము. మృతుని యింటివారిని కొలుచుటకిచ్చిన కొలబద్ద కాదు. అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయమును చూడుడు. హేరోదు యాకోబును ఖడ్గముతో చంపించెను; పేతురును చెరలో వేయగా దూత వచ్చి విడిపించెను. ఇరువురును ప్రభువు శిష్యులే. ఇరువురిని ప్రేమించిన సంఘము ఒక్కటే. యాకోబు తల్లి విశ్వాసము కొరవడినదని ఆ గ్రంథకర్త వ్రాయలేదు. కారణమేమియు చెప్పలేదు. పౌలు ముమ్మారు వేడుకొన్నను అతని ముల్లు తొలగలేదు. గెత్సేమనే తోటలో ప్రభువే వేడుకొనెను; గిన్నె తొలగలేదు. ప్రార్థన నెరవేరకపోవుట అవిశ్వాసమునకు గురుతైనచో, ఆ వాదము తుదకు ఎవరిని దోషిగా నిలుపునో యోచింపవలెను.

కీర్తనలలో 88వది ఆద్యంతము మొరయే. చీకటిని గూర్చిన మాటతోనే అది ముగియును. వెనుక ఊరట వాక్యమొకటియు లేదు. అయినను పూర్వులు దానిని ప్రార్థనగానే నిలిపియుంచిరి. దేవునితో కలహించువాడు దేవుని విడిచినవాడు కాడు. ఆయనవైపు తిరిగియే మాటలాడుచున్నాడు.

మనము నివసించు ఈ మహారాష్ట్రమునందే పండిత రమాబాయి జీవితము కలదు. ఆమె తలిదండ్రులు కరవు దినములలో మ్రొక్కులు చెల్లించుచు, ఉపవాసములుండుచు, మన తిరుపతి ప్రాంతములవరకు తిరిగిరి. పదునారేండ్ల ప్రాయమున ఆమె తండ్రిని, తల్లిని, అక్కను వరుసగా పోగొట్టుకొనెను. 1880లో అన్నయు, 1882లో విషూచివలన భర్తయు గతించిరి. 1883లో క్రైస్తవురాలై, కేడ్గాఁవ్‌లో ముక్తి ఆశ్రమమును స్థాపించి అనాథలకు తల్లియైనది. తన తరువాత ఆ పనిని నడుపునని నమ్మిన ఏకైక పుత్రిక మనోరమ 1921 జూలైలో మరణించెను. ఆ తల్లి ప్రార్థింపకుండునా? నమ్మకము చాలని స్త్రీ యని ఆమెను ఎవరనగలరు? శరీరము కృశించియున్నను ఆమె బైబిలు మరాఠీ అనువాదపు పనిని విడువలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసెను. మతమునకు ముందును, మతమునకు పిమ్మటను ఆమె ఎరిగిన దుఃఖము ఒక్కటే. నెరవేరని ప్రార్థన ఏ యొక్క మతమువారికో చెందినది కాదు.

ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో బాధను గూర్చి హేతుబద్ధమైన గ్రంథము వ్రాసెను. 1960లో భార్య మరణించిన పిమ్మట, తన దుఃఖమును మారుపేరుతో 1961లో ప్రకటించెను. మొదటి గ్రంథములోని సమాధానములు రెండవదాని రాత్రులను తప్పింపలేదు. కారణములు తెలిసినంత మాత్రమున కన్నీరు ఆగదు.

అయినచో మనము చేయదగినదేమి? యోబు స్నేహితులు మొదట ఏడు దినములు, ఏడు రాత్రులు నేలమీద అతని చెంత మౌనముగా కూర్చుండిరి. అది వారు చేసిన ఉత్తమమైన పని. నోరు తెరచి కారణములు చెప్పనారంభించిన పిమ్మటనే వారు తప్పిరి. తుదకు దేవుని కోపము వారిమీదనే రగిలినది గాని, మొరపెట్టిన యోబుమీద కాదు.

తరతరములుగా ఈ బొగ్గుగనుల సీమలో స్థిరపడిన మనకు ఇది మరియు ముఖ్యము. గోదావరి కావలినుండి బంధువులు వచ్చునంతలో అంత్యక్రియలే ముగియును. పొరుగింటివారే మనకు పుట్టింటివారు. మరాఠీలో బేరమాడువారును, హిందీలో కొలువు చేయువారును, ఏడ్చుట మాత్రము తెలుగులోనే ఏడ్తురు. ఆ యేడ్పును అర్థము చేసికొనగల చెవులు ఈ యూర కొన్నియే కలవు. అవి తీర్పరుల చెవులు కారాదు.

కావున సంఘపెద్దలకు ఒక మనవి. స్వస్థత పొందినవారి సాక్ష్యముతోబాటు, పొందనివారి పేరులను గూడ ఆరాధనలో స్మరింపుడు. మొదటి వారములో గుంపుగా పోయిన మనము, ఆరవ మాసమునను, సంవత్సరాంతమునను ఒక్కొక్కరుగా పోవుదము. అన్నము పట్టుకొనిపోవుదము, పిల్లల చదువు విచారింతము, గతించినవారిని గూర్చి వారు చెప్పునది విందము. పూర్వకర్మమనియో, మ్రొక్కులోని లోపమనియో పలుకు హైందవ సోదరులకును ఇదే విన్నపము. ఎందుకని వారడిగినచో, తెలియదని చెప్పుట అవిశ్వాసము కాదు. తెలియదని చెప్పి, లేచిపోక అచ్చటనే కూర్చుండుట విశ్వాసము.