రంగు వేయండి, ఏ రంగో చెప్పండి

ఈ వారం మా అపార్ట్‌మెంట్‌లో ఒక పాప మొదటి పుట్టినరోజు జరిగింది. రెండంతస్తుల కేకు. కింది అంతస్తు చిక్కటి నీలం, పై అంతస్తు గులాబీ, అంచుల చుట్టూ బంగారు పొడి. కోసిన కాసేపటికే పిల్లలందరి నాలుకలూ నీలంగా మారాయి. ఒక కుర్రాడికి పళ్ల సందుల్లో కూడా నీలమే. పెద్దలు ఫోన్లు తీసి ఆ నాలుకలకు ఫొటోలు తీశారు. ఆ బంగారు పొడి ఏమిటండీ అని కేకు తెచ్చినాయన్ని అడిగాను. "ఏమోనండీ, షాపువాళ్లే వేసిచ్చారు" అన్నాడు. ఏడాది నిండిన పిల్ల నోట్లో పెడుతున్నదేమిటో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నా కోపమంతా అందుకే.

రంగుల మీద నాకు పగ లేదు. చేత్తో బొమ్మ వేసిన కేకంటే నాకు ప్రాణం. కొళత్తూరులో మాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. నెల్లూరు ఆడపడుచు, పెళ్లయి చెన్నై వచ్చింది. ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. కేకు మీద తెల్లటి ఫాండెంట్ అనే చక్కెర పొర పరిచి, రాత్రంతా ఆరనిస్తుంది. పొద్దున్నే తెల్ల పింగాణీ పళ్లెంలో జెల్ రంగు ఒక్క చుక్క వేసి, అందులో కొద్దిగా వోడ్కా కలుపుతుంది. నీళ్లు కలిపితే కింద ఉన్న చక్కెర కరిగి గుంట పడుతుంది. వోడ్కా అయితే క్షణాల్లో ఆవిరైపోతుంది, రంగు మాత్రం నిలుస్తుంది. కుంచెను టిష్యూ కాగితం మీద అద్ది, తడి తీసేశాకే గీత గీస్తుంది. ముందు లేత రంగు, అది ఆరాక ముదురు రంగు. చెన్నై ఉక్కకు ఫాండెంట్ చెమట పడుతుంది కాబట్టి గదిలో ఏసీ ఆపడానికి లేదు. మొన్న ఒక షష్టిపూర్తి కేకు మీద కనకాంబరాల దండ వేసింది. ఒక్కో పువ్వుకూ రేకుల మొదట్లో పసుపు, చివర నారింజ. ఆ దండకే సగం రోజు పట్టింది.

 

మొత్తం ఆ దండకు ఆమె వాడిన రంగెంత? కుంచె కొసన నిలిచినంత. నేను చెప్పదలచుకున్నది ఇదే. కేకు మీద బొమ్మ వేయడానికి రంగు చాలా తక్కువ పడుతుంది. కేకంతటికీ రంగు పట్టించడానికే ఎక్కువ పడుతుంది. కళ ఉన్నచోట రంగు తగ్గుతుంది, కళ లేనిచోట ఆ లోటు పూడ్చడానికి సీసా వంపుతారు. నల్ల కేకు, రక్తంలాంటి ఎర్ర కేకు, నెమలి నీలం కేకు అడిగి మరీ చేయించుకుంటున్నాం. క్రీముకు అంత చిక్కని రంగు రావాలంటే ఎంత కలపాలో ఆలోచించండి.

మన దేశంలో తిండి పదార్థాలకు అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. అవి కూడా సాధారణంగా కిలో పదార్థానికి 100 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే ఒక చిటికెడు. బేకరీల్లో ఈ లెక్క తూచి వేసేవాళ్లు ఎవరు? "ఇంకొంచెం డార్క్‌గా రావాలి మాస్టర్" అని కస్టమర్ అంటే, మాస్టర్ సీసా మళ్లీ పిండుతాడు. అంతే.

ఆ ఎనిమిదైనా నిశ్చింతగా తినేవి కావు. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడేళ్ల పిల్లల మీదా, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల మీదా ఆరు రంగుల ప్రభావాన్ని పరీక్షించారు. రంగులూ, నిల్వ ఉంచే సోడియం బెంజోయేటూ కలిపి ఇస్తే పిల్లల్లో నిలకడలేనితనం పెరిగిందని తేల్చారు. ఆ ఆరింటిలో నాలుగు మన జాబితాలో ఉన్నాయి. 2010 నుంచి యూరప్‌లో ఆ ఆరు రంగులు వాడిన పదార్థం మీద, ఇది పిల్లల ప్రవర్తన మీదా ఏకాగ్రత మీదా ప్రభావం చూపవచ్చని అచ్చు వేయాల్సిందే. మన జాబితాలోని ఎరిత్రోసిన్‌కు అమెరికా 2025 జనవరిలో అనుమతి రద్దు చేసింది. ఇవన్నీ తెలిసిన తల్లి తన బిడ్డకు నీలం నాలుక తెప్పిస్తుందా?

ఇక జాబితాలో లేనివాటి సంగతి. 2024 ఫిబ్రవరిలో మన తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. మెరీనాలో పట్టుకున్న మిఠాయిని పరీక్షిస్తే బట్టలకూ కాగితానికీ వేసే రోడమైన్-బి బయటపడింది. నిషేధం సబబే. అయితే ఆ వారమంతా అధికారులు వెంటపడింది ఎవరిని? కర్రకు గులాబీ పొట్లాలు కట్టుకుని ఇసుకలో తిరిగే పేదవాళ్లని. మరుసటి నెలలో కర్ణాటక కూడా అదే బాట పట్టింది, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను కూడా నిషేధించింది. అదే ఏడాది ఆ రాష్ట్ర ఆహార భద్రతా శాఖ 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 కేకుల్లో ప్రమాదకరమైన స్థాయిలో కృత్రిమ రంగులు బయటపడ్డాయి. ఎక్కువగా రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ రకాల్లోనే అన్నారు. అవి రోడ్డు పక్క బండి మీద అమ్మేవి కావు, అద్దాల బీరువాల్లో ఉండేవి. చెన్నైలో పీచుమిఠాయివాడిని ఆపినంత గట్టిగా అద్దాల బీరువా ముందు ఎవరైనా ఆగారా?

ఆ బంగారు పొడి విషయంలో భయం ఇంకా ఎక్కువ. లస్టర్ డస్ట్ అని అమ్ముతారు. కొన్ని డబ్బాల మీద నాన్ టాక్సిక్ అని ఉంటుంది, కొన్నిటి మీద అలంకరణకు మాత్రమే అని ఉంటుంది. అది చూసి తినవచ్చనుకుంటే పొరపాటు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో, విరేచనాలతో పడిపోయారు. కేకు మీద పూసిన రోజ్ గోల్డ్ పొడిలో రాగి ఉందని తేలింది. మరుసటి ఏడాది మిస్సోరి రాష్ట్రంలో ఒక ఏడాది పిల్లవాడి రక్తంలో సీసం కనిపిస్తే, కేకు మీద వాడిన పసుపు పొడిదాకా ఆరా వెళ్లింది. ఆ పొడిలో నాలుగోవంతు సీసమే. తినే పొడి అయితే అందులో ఏమేం కలిపారో డబ్బా మీద రాసి ఉంటుంది. రాయలేదంటే అది తినడానికి కాదు.

అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం మీద రంగు పేరో, నంబరో ఉంటుంది. వేలు పోసి చేయించుకున్న కేకు అట్టపెట్టె మీద షాపు పేరు, ఫోన్ నంబరు, ఒక రిబ్బను తప్ప ఏమీ ఉండదు. ఇది న్యాయం కాదు. ఆర్డరు కేకుతోపాటు ఏ రంగు, ఏ కంపెనీది, ఏ పొడి అని రాసిన చీటీ ఒకటి ఇవ్వాల్సిందేనని నియమం రావాలి. కొళత్తూరు అమ్మాయి అడగకుండానే ఆ చీటీ రాసి ఇస్తుంది. ఒక గృహిణికి సాధ్యమైనది ఏసీ షాపుకు ఎందుకు సాధ్యం కాదు?

మొక్కల రంగులు నిలవవు, ఓవెన్‌లో మాడిపోతాయి అని బేకరీవాళ్లు అంటారు. పిండిలో కలిపితే నిజమే. బీట్‌రూట్ ఎరుపు వేడికి ఆగదు. కానీ బొమ్మ వేసేది కేకు కాలి చల్లారాక కదా! అప్పుడు బీట్‌రూట్ ఎరుపు, పసుపుకొమ్ము పసుపు, జాఫ్రా గింజల నారింజ, శంఖుపువ్వు నీలం ఎందుకు పనికిరావు? సాయంత్రానికి తినేసే కేకుకు నెలల తరబడి వెలవని రంగెందుకు? అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు గింజల, ఆకుల, వేళ్ల రంగులు లక్కలో కలిపి వేస్తారు. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. రసాయన రంగులు ఆ ఊరిని కమ్మేసిన రోజుల్లో కళాకారుడు సి.వి.రాజు గారు పట్టుబట్టి మొక్కల రంగుల్ని వెనక్కి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొయ్య బొమ్మకే అంత జాగ్రత్త పడ్డ జాతి మనది. తినే కేకుకు పడలేమా?

మన చెన్నైలో కేకు నిన్న మొన్నటిది కాదు. స్మిత్ ఫీల్డ్ బేకరీ 1885 నాటిది, మెక్‌రెనెట్ 1903 నాటిది. అలాంటి ఊళ్లో బటర్ పేపర్ కోన్‌తో గులాబీలు చుట్టే మాస్టర్లు తగ్గిపోతున్నారు. ఫొటో పంపిస్తే మెషిన్ ప్రింట్ చేసి ఇస్తుంది, కేకు మీద అంటిస్తారు. హీరో ముఖం, నాయకుడి ముఖం, తాతగారి ముఖం, అన్నీ అలాగే. తాతగారి ముఖాన్ని కత్తితో కోసి పంచుకోవడం నాకు ససేమిరా నచ్చదు. ముగ్గు వేయడం వచ్చిన చేతికి క్రీముతో గీసే పైపింగ్ ఎంతసేపట్లో పట్టుబడుతుందో కొళత్తూరులో చూశాను. చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు నాలుగు నాజిళ్లు, రెండు కుంచెలు కొనిస్తే చాలు, మెషిన్ అక్కర్లేదు.

పైగా, ఇంత కష్టపడి వేసిన బొమ్మ ఏమవుతోంది? కోసిన మరుక్షణం గుప్పెడు తీసి పుట్టినరోజు పిల్లవాడి ముఖాన కొడుతున్నారు. కళ్లల్లో, ముక్కుల్లో క్రీము. వాడు ఏడుస్తుంటే వీడియో. కాలేజీ హాస్టళ్లలో మొదలైన ఈ జాడ్యం ఇప్పుడు అరవై నిండిన పెద్దల దాకా పాకింది. దానికి తోడు కేకు మీద చిచ్చుబుడ్డిలా ఎగజిమ్మే కొవ్వొత్తి. దాని రజను ఎక్కడ రాలుతుంది? కేకు మీదే. పైనుంచి స్నో స్ప్రే. ఆ డబ్బాల్లో మండే వాయువు ఉంటుందని డబ్బా మీదే రాసి ఉంటుంది, దాన్ని వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన కొడుతున్నారు. తిండిని నేలకేసి తొక్కితే మన పెద్దలు కళ్లకద్దుకోమనేవారు. ఆ సంస్కారం ఏమైంది? ముఖాలకు పూసుకోవాలనుకుంటే పసుపు ఉంది, గంధం ఉంది. కేకు తినడానికి.

చెన్నైలోని తెలుగువాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఈసారి ఇంట్లో పుట్టినరోజుకు ఆర్డరిచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. ఏ రంగు వాడతారు? మెరుపు పొడి డబ్బా చూపిస్తారా? మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు ఎంత? పద్నాలుగు అంకెల ఆ నంబరు చెప్పడానికి ఎవరికైనా అరనిమిషం చాలు. ముదురు రంగు వద్దని చెప్పండి. తెల్ల కేకు మీద చేత్తో ఒక పువ్వు వేయమనండి, వేసిన చేతికి అడిగినంతా ఇవ్వండి, బేరం ఆడకండి. ఏ రంగు వేశారో చెప్పనివాళ్ల దగ్గర మాత్రం కేకు కొనకండి.