లావు పైపు భ్రమ

కురుపాం ఏజెన్సీలో కొండ మీది ఊటను పైపుతో ఊళ్లోకి దించాలనుకున్నప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది: "లావు పైపు వేసెయ్యండి, నీళ్లకి కరువుండదు." ఊరివాళ్లూ, మేస్త్రులూ, చదువుకున్న ఇంజనీర్లూ అనేది ఇదే. నేను ఒప్పుకోను. ఊట సెకనుకి ఒక లీటరే ఇస్తే ఎంత లావు పైపు వేసినా దిగేది ఆ లీటరే. లావు పైపులో అదనంగా చేరేది బురద.

ఒక వానాకాలం, రెండు కొండల నడుమ పల్లంలో వాషౌట్ వాల్వు విప్పాం. ముందు వచ్చింది నీళ్లు కాదు, చోడంబలంత చిక్కటి ఎర్రమట్టి. పైన ఊట నిండుగా పారుతోంది. కింద కుళాయిలో మాత్రం వారం రోజులుగా సన్నటి ధారే.

వచ్చే నీటిని పైపు వైశాల్యంతో భాగించి, ఆ సగటునే వేగమనుకోవడంలో ఉంది పొరపాటు. పైపు గోడను అంటిన నీరు అసలు కదలదు. పరుగంతా నడిమధ్యన. 50 మి.మీ. పైపులో నీరు పొరలు పొరలుగా జారితే, గోడకు ఒక్క మిల్లీమీటరు దూరంలో వేగం మధ్య వేగంలో 8 శాతమే. సుడులు పుడితే కథ మారిపోతుంది. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు వదిలి చూపించిన మార్పు అదే. ఆ సుడులు మధ్యలోని వేగాన్ని గోడ దాకా మోసుకొస్తాయి. ఏడోవంతు ఘాతం లెక్కన, అదే మిల్లీమీటరు దూరంలో వేగం 60 శాతం దాటుతుంది. మట్టిని నిలవనివ్వనిది గోడ మీది ఆ ఒరిపిడే.

ఇప్పుడు అదే లీటరును 110 మి.మీ. పైపులోకి వదలండి. సుడులు ఉంటాయి, బలం ఉండదు. సగటు వేగం సెకనుకు 50 సెంటీమీటర్ల నుంచి 10కి పడిపోతుంది. గోడ మీది ఒరిపిడి మాత్రం దాదాపు 19వ వంతుకు దిగజారుతుంది. సగటు మాత్రమే చూసేవాళ్ల కంటికి ఈ పతనం ఆననే ఆనదు.

"సన్న పైపైతే ఒత్తిడి చచ్చిపోతుంది కదా" అంటారు. మైదానంలో, దూరం లాగాల్సినచోట, ఆ మాట నిజం. అక్కడ లావు పైపే వెయ్యాలి. ఇక్కడ లెక్క వేరు. నున్నటి 50 మి.మీ. పైపులో సెకనుకు లీటరు నడవడానికి కిలోమీటరుకు 7 మీటర్ల దిగుడు చాలు, వంపులకు ఇంకాస్త కలుపుకోండి. మన కొండల్లో ఊట నుంచి ఊరికి నాలుగు అడుగులు వేస్తే అంతకన్నా ఎక్కువే దిగుతాం.