క్రీడారంగంలో జమీందారీ

మద్రాసు రాష్ట్రంలో 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. దివాణాల భూములు రైతువారీలోకి వచ్చాయి. మట్టిమీద పోయిన జమీందారీ ఆటల మైదానం మీద మాత్రం పోలేదు. ఆడేవాడు వొకడు, ఆటకు తన పేరు తగిలించుకునేవాడు వొకడు, మర్నాడు పత్రికలో బొమ్మ పడేవాడు వొకడు. యీ రెండోవాడూ మూడోవాడూ చాలా తడవలు వొక్కడే కావడం యాదృచ్ఛికం కాదని నా వాదన.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్ళకీ బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒంగోలు జాతి గిత్తలు. పాలపండ్ల విభాగం, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆరుపండ్లు, ఆపైన సీనియర్సు. నిర్ణీత కాలంలో యే జత యెన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. ఆ గిత్తల్ని దూడనాటినుంచీ మేపి, కడిగి, వులవలు వుడకేసి పెట్టి, పందెంనాడు చర్నాకోల పట్టుకుని గొంతు పోయేలా అదిలిస్తూ వాటి వెంట పరిగెత్తే మనుషులు కొందరుంటారు. మర్నాడు పత్రికలో జిల్లా పేజీ చూడండి. ఫలానా వూరి ఫలానా వారి యెడ్లు యిన్ని అడుగులు లాగి ప్రథమ బహుమతి గెలిచాయని వుంటుంది. బహుమతి దాత పేరుంటుంది. దానం తండ్రిగారి జ్ఞాపకార్థమయితే ఆ తండ్రిగారి పేరూ వుంటుంది. పోటీలు ప్రారంభించిన ప్రముఖుడు, వేదిక నలంకరించిన పెద్దలు వరసాగ్గా వస్తారు. పరిగెత్తినవాడి పేరు మాత్రం కనిపించదు. గిత్తల పేర్లయినా అప్పుడప్పుడు అచ్చవుతాయి గాని, వాడి పేరు అచ్చు కాదు. సొంత యెడ్లను సొంతంగా తోలుకునే చిన్నరైతులు లేరని కాదు, వాళ్ళ సంగతి వేరు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడికి యిందులో వింతేమీ లేదు. మన ప్రబంధానికి కృతికర్త వేరు, కృతిభర్త వేరు. రాసింది కవి, సొంతం భర్తకి. అవతారికలో ఆయన వంశవర్ణన, షష్ఠ్యంతాలు ఆయనకి, ఆశ్వాసం మొదటా చివరా సంబోధన ఆయనకి. కొండవీటి రెడ్ల కొలువులో విద్యాధికారం చేసిన శ్రీనాథుడు చివరి రోజుల్లో పైరు పోగొట్టుకుని, పన్ను కట్టలేక వీధిన పడ్డాడని చాటుకథ చెబుతుంది. అందుకేనేమో, భాగవతాన్ని రాజుకివ్వనన్న పోతన కథంటే మనకంత ప్రేమ. కవిత్వంలో కృతిభర్తల కాలం వెళ్ళిపోయింది. ఆటల్లో అది నడుస్తూనే వుంది.

ఆటల కృతిభర్తల్లో అగ్రగణ్యుడు మన తెలుగువాడే. విజయనగరం మహారాజకుమారుడు, లోకానికి ‘విజ్జీ’. 1930-31లో సొంత ఖర్చుతో వొక జట్టు కట్టి, ఇంగ్లండునుంచి హాబ్స్‌నీ, సట్‌క్లిఫ్‌నీ రప్పించి దేశంలోనూ సింహళంలోనూ తిప్పాడు. ఢిల్లీ మైదానంలో వైస్రాయి విల్లింగ్డన్ పేర పెవిలియను కట్టించాడు. క్రికెట్టులో ఆయన సంపాదించింది పరుగులు కాదు, పలుకుబడి. ఆ పలుకుబడి 1936లో ఇంగ్లండు వెళ్ళే భారత జట్టుకు ఆయన్ని కెప్టెన్‌ని చేసింది.

ఆ జట్టులో సి.కె. నాయుడు వున్నాడు. నాగపూరులో పుట్టిన తెలుగువాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. బౌలర్లను చెండాడి 153 పరుగులు, అందులో పదకొండు సిక్సర్లు కొట్టిన మనిషి. 1932లో దేశం తొలి టెస్టు ఆడినప్పుడు లార్డ్స్ మైదానంలో ముందు నడిచింది అతనే. అదీ సులువుగా దక్కలేదు. ఆ యాత్రకు కెప్టెన్ పోరుబందరు మహారాజు. యాత్ర మొత్తంమీద ఆయన పెద్ద మ్యాచీల్లో కొట్టినవి రెండు పరుగులు. అయితే ఆయనకి తన సంగతి తనకు తెలుసు. టెస్టునాడు పక్కకు తప్పుకుని నాయుడికి దారి యిచ్చాడు. పోరుబందరు రాజుని చూసి నవ్వేవాళ్ళు యీ వొక్క పని గుర్తుంచుకోవాలి.

విజ్జీ తప్పుకోలేదు. మూడు టెస్టులూ ఆడాడు. ఆరు యిన్నింగ్సుల్లో 33 పరుగులు. రెండు టెస్టులు వోడిపోయాం, వొకటి డ్రా. టెస్టులు మొదలుకాకముందే, ఎస్సెక్సు మీద రెండు యిన్నింగ్సుల్లోనూ సెంచరీలు కొట్టిన లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో వోడ యెక్కించి యింటికి పంపించారు. మాంచెస్టరు టెస్టులో మర్చంట్‌ని రనవుట్ చేయించమని కెప్టెన్ తనకు చెప్పాడని ముస్తాక్ అలీయే తరువాత చెప్పుకున్నాడు. ఆ మాట విని నవ్వుకుని ఆ యిద్దరూ మొదటి వికెట్టుకు 203 పరుగులు చేశారు. ఇటు యిదంతా జరుగుతుంటే అటు ఇంగ్లండు రాజుగారు విజ్జీకి ‘సర్’ బిరుదం ప్రసాదించారు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమంట్ అధ్యక్షతన వేసిన సంఘం 1937లో అమర్‌నాథ్ నిర్దోషి అని తేల్చింది. విజ్జీ నాయకత్వం జట్టుకు చేటు చేసిందనీ, ఫీల్డర్లను నిలపడంగాని బౌలర్లను మార్చడంగాని ఆయనకి తెలియదనీ చెప్పింది.

శిక్ష? 1954నుంచి 1957 వరకూ భారత క్రికెట్ బోర్డుకు అధ్యక్షపదవి. ఆ తరువాత రేడియో వ్యాఖ్యానం, పార్లమెంటు సభ్యత్వం, 1958లో పద్మభూషణ్. విశ్వవిద్యాలయాల పిల్లలు ఆయన పేరిట వున్న కప్పు కోసం ఆడారు. అమర్‌నాథ్‌కి మాత్రం మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టిన ఖ్యాతి వుండికూడా, మళ్ళీ టెస్టు ఆడడానికి 1946 దాకా ఆగవలసి వచ్చింది. నడుమ యుద్ధం వచ్చిన మాట నిజమే. యుద్ధానికి ముందు పోయిన మూడు టెస్టులూ యుద్ధం మూలాన పోలేదు.

“వాళ్ళే లేకపోతే ఆట యెక్కడిది?” అని మిత్రులు కొందరు అడుగుతారు. మైదానాలు కట్టించారు, ఆటగాళ్ళకి సంస్థానాల్లో వుద్యోగాలిచ్చారు, నాయుడికే హోల్కరు సైన్యంలో హోదా దొరికింది గదా అంటారు. విజ్జీ 1947లో తన ‘సర్’ బిరుదం వదులుకున్నాడని కూడా జ్ఞాపకం చేస్తారు. అన్నీ నిజాలే. దానాన్ని నేను కాదనను. దానం చేసినవాడికి రసీదు యివ్వాలి గాని జట్టును రాసి యివ్వగూడదు. ఆ దానం మాత్రం యెక్కడిది? రైతు కట్టిన శిస్తు దివాణంలోకి వెళ్ళి, పెవిలియనై, వైస్రాయి పేరు పెట్టుకుని బయటికి వచ్చింది. శిస్తు కట్టినవాడికి ఆ పెవిలియనులో కుర్చీ లేదు.

యిది హిందూదేశపు జాడ్యం మాత్రమే కాదు. వెస్టిండీసు దీవుల్లో మన జమీందారు చేసిన పని తెల్లతోలు చేసింది. జట్టులో మహామహులు నల్లవాళ్ళు, కెప్టెన్ తెల్లవాడు. జార్జి హెడ్లీ అంతటివాడికి 1948లో దక్కింది వొక్క టెస్టు. వొరెల్, వీక్స్, వాల్కాట్ ముగ్గురూ జట్టులో వుండగా వాళ్ళకు దారి చూపే బాధ్యత మరొకరి చేతిలో వుండేది. యెందుకని యెవరైనా అడిగితే అనుభవం, మర్యాద, పెంపకం లాంటి మాటలు చెప్పేవారు. చెరుకుతోటల యజమానికి పుట్టుకతో వచ్చే గుణాలవి, చెరుకు నరికేవాడికి యెంత ఆడినా రావన్నమాట.

ఆ కట్టు తెగడానికి వొక పత్రిక కారణమయిందని మన పాత్రికేయ మిత్రులకు తెలియాలి. ట్రినిడాడ్‌లో ‘ది నేషన్’ పత్రికకు సంపాదకుడుగా వున్న సి.ఎల్.ఆర్. జేమ్స్ మార్క్సిస్టు, చరిత్రకారుడు, క్రికెట్టు పిచ్చివాడు. వొరెల్‌ని కెప్టెన్ చెయ్యాలని విడవకుండా రాశాడు. ఆటల పేజీలో మూలకు పడివుండే ప్రశ్నని రాజకీయ ప్రశ్నగా మొదటి పేజీకి లాక్కొచ్చాడు. స్వాతంత్ర్యం అడుగుతున్న జాతి తన జట్టుకు తానే నాయకత్వం వహించలేదా అని నిలదీశాడు. 1960-61 ఆస్ట్రేలియా యాత్రకు వొరెల్ కెప్టెన్ అయ్యాడు. బ్రిస్బేనులో మొదటి టెస్టు సమానంగా ముగిసింది. టెస్టు చరిత్రలో అలాంటిది అదే మొదటిసారి. వెళ్ళిపోయేనాడు వోడిన జట్టును చూడడానికి మెల్‌బోర్ను జనం వీధుల్లో బారులు తీరారు.

మనకి రంగు తగాదా లేదని తృప్తిపడేవాళ్ళున్నారు. 2021 జనవరిలో సిడ్నీ మైదానంలో మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్‌ని గ్యాలరీలోంచి జాతి పేరుతో దూషించారు. అతను అంపైర్లతో చెప్పాడు, కెప్టెన్ రహానే వెన్ను కాశాడు, ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. ఆటోడ్రైవరు కొడుకు ధైర్యానికి తెలుగు పత్రికలన్నీ పొంగిపోయాయి, పొంగవలసిందే. కాని 2016 ఆగస్టులో రియోలో సింధు రజతం కోసం రాకెట్టు పట్టి చెమటోడుస్తూంటే, ఆంధ్ర, తెలంగాణాల్లో మనవాళ్ళు గూగుల్‌లో వెతికిన మాటల్లో ముందు వరసలో నిలిచింది ఆమె కులం. కరణం మల్లేశ్వరి తరువాత ఒలింపిక్ పతకం తెచ్చిన తెలుగు ఆడపిల్ల యే బ్యాక్‌హ్యాండు కొట్టిందో గాక, యే యింట పుట్టిందో కావలసివచ్చింది మనకి. సిడ్నీ గ్యాలరీలో అరిచినవాడిదీ, యిక్కడ గుట్టుగా మీట నొక్కినవాడిదీ వొకే కుతూహలం.

మన రంగు కులం. పల్వంకర్ బాలూ చర్మకార కులంలో పుట్టిన స్పిన్ బౌలరు. 1911లో ఇంగ్లండు వెళ్ళి నూరుకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో తొలి రోజుల్లో అతనికి టీ విడిగా మట్టిముంతలో పోసేవారు. బంతి అందరూ ముట్టుకోవచ్చు, కప్పు మాత్రం కాదు. హిందూ జట్టు కెప్టెన్ పదవి బాలూకి రానేలేదు. తమ్ముడు విఠల్‌కి 1923లో వచ్చింది, అదీ పెద్ద రభస తరువాత. కారంచేడు 1985, చుండూరు 1991 జరిగిన గడ్డమీద నిలబడి యీ కథ పరాయిదనగలమా? పన్నెండో శతాబ్దపు పల్నాటి వీరగాథలో, కోడిపందెం మీద రాజ్యం వోడిన ఆ కథలోనే, బ్రహ్మనాయుడు మాల కన్నమదాసుని సేనకు నాయకుణ్ణి చేశాడు. మన వీరగాథ చెయ్యగలిగిన పని మన క్రీడాసంఘాలు చెయ్యవలసే వుంది.

యిక కొత్త దివాణాల సంగతి. 2008లో ఐ.పి.ఎల్. వచ్చింది. హైదరాబాదు జట్టును కొన్నది డెక్కన్ క్రానికల్, అంటే వొక దినపత్రిక. జట్టుకు పెట్టుకున్న పేరూ దాని పేరులోంచి తీసిందే. 2012లో అది ఆర్థికంగా చితికి జట్టు రద్దయితే, హైదరాబాదు పేర కొత్త జట్టు కొన్నది సన్ టీవీ వారు. అంటే రెండుసార్లూ వార్త చెప్పేవాడే జట్టుకు యజమాని. విజ్జీకి ఆ సౌకర్యం లేదు పాపం, ఆయన్ని బోమంట్ సంఘం విచారించింది. తన గిత్తల గురించి తానే రాసుకునే పత్రిక యే సంఘాన్ని వేయిస్తుంది? వేలంపాటలో ఆటగాణ్ణి కోట్లకు కొన్నారని పత్రికలు గర్వంగా రాస్తాయి. గుంటూరు యార్డులో మిరప టిక్కీల ధర రాసినట్టే రాస్తాయి. ఆ డబ్బు ఆటగాడికి చేరుతుంది, కాదనను. కాని కెమెరా ప్రతి వోవరుకీ ఆటమీదనుంచి యజమాని కూర్చున్న గదిమీదికి యెందుకు తిరగాలి?

యజమాని కాకుండా ఆటలోంచే పుట్టిన నాయకత్వం మనకి లేక కాదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిన ఫుట్‌బాల్ జట్టు 1951లో ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్ళీ స్వర్ణం తెచ్చింది. జకార్తానాటికి ఆయన కాన్సరుతో వున్నాడు, మరుసటేడు పోయాడు. ఆయన కథ సినిమాగా తెరకెక్కేసరికి 2024 వచ్చింది. ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, శీతలపానీయం ప్రకటన వద్దన్నాడు, సొంత యిల్లు తాకట్టు పెట్టి అకాడమీ నిలబెట్టాడు. సైనా, సింధు పతకాలు ఆ కప్పు కిందనుంచే వచ్చాయి. వీళ్ళిద్దర్నీ మహర్షులుగా చిత్రించడం నాకిష్టం లేదు. వాళ్ళు పని తెలిసినవాళ్ళు, అంతే. క్రీడాసంఘాల అధ్యక్షపీఠాల్లో అలాంటివాళ్ళు యెందరు? 2024లో ఆంధ్ర క్రికెట్ సంఘం అధ్యక్షుడుగా యెన్నికయింది విజయవాడ పార్లమెంటు సభ్యుడు. ఆయన సామర్థ్యాన్ని గురించి నాకు పేచీ లేదు. పార్లమెంటుకూ పిచ్‌కూ సంబంధమేమిటన్నదే పేచీ.

మన విమర్శకులు కూడా యీ నేరంలో పాలుపంచుకున్నారు. కవితలో శ్రామికుడెక్కడున్నాడని భూతద్దం పెట్టి వెతికే మనం ఆటల పేజీని తిప్పేస్తాం, అదేదో పిల్లల వ్యవహారమన్నట్టు. కూలియింటి కుర్రవాడు తన వొంటిని నమ్ముకుని పైకి రాగల దారులు యీ దేశంలో యెన్ని వున్నాయి? వున్న వొకటిరెండు దారుల్లోనూ యెవరు సుంకం వసూలు చేస్తున్నారో రాయడం మన పని కాకపోతే యెవరి పని?

నేను పని చేసే కాలేజీ పత్రికలో యేటా కబాడీ జట్టు ఫోటో వేస్తారు. కుర్చీల్లో కరస్పాండెంటుగారూ, ప్రిన్సిపాలుగారూ, వ్యాయామోపాధ్యాయుడూ, మరి యిద్దరు పెద్దలూ. కింద ‘కూర్చున్నవారు యెడమనుంచి కుడికి’ అని అయిదు పేర్లు. వెనక నిలబడ్డ పన్నెండుమందికీ కలిపి ‘జట్టు సభ్యులు’ అని వొక మాట. మొక్కజొన్న కోతలకీ మిరప కోతలకీ వెళ్ళి ఫీజు కట్టుకునే పిల్లలు వాళ్ళు. యీసారి నిలబడ్డవారి పేర్లు యింటిపేర్లతో సహా వెయ్యాలని పన్నెండు పేర్లూ రాసి సంపాదకవర్గానికి యిచ్చాను. స్థలం చాలదన్నారు. అయితే కూర్చున్నవారి పేర్లు తియ్యండన్నాను. కాగితం ప్రస్తుతం ప్రిన్సిపాలుగారి బల్లమీద వుంది.