డాక్టర్ల రీళ్లకు రూలేదీ?

పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయని తండ్రి మెడికల్ షాపుకు పరుగెత్తి ఓఆర్‌ఎస్ అడిగితే, పొడి ప్యాకెట్ బదులు పళ్లరసం రుచితో ఉన్న టెట్రా ప్యాక్ చేతికి రావడం మన ఊళ్లలో ఏళ్ల తరబడి సాగింది. బ్రాండు పేరులోనే ఓఆర్‌ఎస్ కలిసి ఉండేది కాబట్టి కొన్నవాళ్లకు అనుమానం వచ్చేది కాదు. అమ్మినవాళ్లు చెప్పేవాళ్లు కాదు. ఆ డబ్బాల సంగతి పట్టించుకుని, ఎనిమిదేళ్లు విడవకుండా వెంటపడిన మనిషి హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్.

ఆమె చెప్పిన విషయంలో రహస్యమేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. సోడియం, గ్లూకోజ్ రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున సరిసమానం. పేగు గోడ ఈ రెంటినీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఈ లెక్క తప్పి చక్కెర ఎక్కువైతే కథ అడ్డం తిరుగుతుంది. ఒంట్లోని నీరే పేగులోకి చేరి విరేచనాలు ముదురుతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లతో కలరా రోగుల ప్రాణాలు నిలబెట్టిన వైద్యం ఇది. అదే పేరు తగిలించుకుని షాపుల్లో దొరికిన కొన్ని పానీయాల్లో చక్కెర, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు.

కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఈ పేరు వాడొద్దంది. జులై వచ్చేసరికి మెత్తబడి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫార్ములా కాదు’ అని డబ్బా మీద ఒక ముక్క రాసి అమ్ముకోవచ్చంది. ఏడుస్తున్న పిల్లాణ్ని చంకనేసుకుని షాపు కౌంటరు దగ్గర నిలబడ్డ తల్లి ఆ వాక్యం చదువుతుందని అధికారులు ఎలా అనుకున్నారో వాళ్లకే తెలియాలి. శివరంజని తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. సోషల్ మీడియాలో దీని మీద పెడుతున్న వీడియోలు మాత్రం ఆపలేదు. చివరికి 2025 అక్టోబరు 14న, ఫార్ములాకు సరిపోని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ ఉండకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అప్పుడు ఆమె ఏడుస్తూ పెట్టిన వీడియోను దేశమంతా చూసింది. ఆ ఆదేశం మీద కోర్టుకెక్కిన ఒక కంపెనీ పిటిషన్‌ను ఆ నెలాఖరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

డాక్టర్లకు ఇన్‌స్టాగ్రామ్ ఎందుకు, ఆస్పత్రి చూసుకోక, అని విసుక్కునేవాళ్లు వైద్య వృత్తిలోనే చాలామంది ఉన్నారు. వాళ్ల విసుగులో న్యాయం లేకపోలేదు. మన యూట్యూబ్ ఛానళ్లలో ఆరోగ్య ఇంటర్వ్యూలు చూడండి. డాక్టరు మోకాళ్ల గురించి చెబుతుంటాడు, కింద ఆస్పత్రి ఫోన్ నంబరు పరుగెడుతుంటుంది. థంబ్‌నెయిల్ మీద ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పి మాయం. ఇంకో వీడియోలో డిశ్చార్జి అవుతున్న పేషెంటు చేతులు జోడించి, మీరే నా దేవుడు సార్ అంటుంటాడు. కాదనగలిగే స్థితిలో ఉన్నాడా అతను? కామెంట్లలో ఎవరో తన తల్లి షుగరు 300 ఉందని, ఏ మాత్ర వేయమంటారని అడుగుతారు. కొందరు డాక్టర్లు అక్కడే మందు పేరు రాసేస్తారు.

ఈ రెండు రకాల వీడియోలకూ తేడా తెలియనంత అమాయకంగా మన నిబంధనలు లేవు. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళిలోనే, డాక్టరు తన ప్రాక్టీసు పెంచుకునేలా పత్రికల్లో రాయకూడదని, ప్రజారోగ్యం గురించైతే సొంత పేరుతో రాయొచ్చని, రేడియోలో, టీవీలో, ‘ఇంటర్నెట్ చాట్’లో మాట్లాడొచ్చని ఉంది. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టలేదు, యూట్యూబూ పుట్టలేదు. తెలుగువాళ్లకు ఈ తేడా ఇంకా ముందే తెలుసు. విజయవాడ డాక్టర్ సమరం పేపర్లలో ప్రశ్నలకు జవాబులు రాస్తున్న రోజుల్లో, ఇంట్లో నోరెత్తి అడగలేని సందేహాలు ఎందరివో ఆ శీర్షికల్లోనే తీరాయి.

ఇరవై ఏళ్ల తర్వాత జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు తెచ్చింది. అందులో సోషల్ మీడియాకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు పెట్టారు. లైకులు, ఫాలోవర్లు కొనకూడదు. పేషెంట్ల చేత పొగిడించుకోకూడదు. ఆపరేషన్ వీడియోలు, నయమైన రోగుల ఫొటోలు చూపి గొప్పలు పోకూడదు. బహిరంగంగా మందులు రాయకూడదు, అడిగినవాళ్లను టెలీమెడిసిన్‌కో ఆస్పత్రికో పంపాలి. తనకు తెలిసిన విషయంలో ప్రజలకు అవగాహన కలిగించడం మాత్రం చేయొచ్చు. ఇందులో పేచీ పెట్టాల్సింది పెద్దగా లేదు. కానీ అవే నిబంధనల్లో జెనరిక్ పేర్లతోనే మందులు రాయాలన్న షరతు ఉంది, కంపెనీల ఖర్చుతో సదస్సులకు వెళ్లకూడదన్న ఆంక్ష ఉంది. వాటి మీద డాక్టర్ల సంఘం, మందుల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఆగస్టు 23న కమిషన్ మొత్తం నిబంధనలనే పక్కన పెట్టింది. రెండు షరతుల మీద గొడవకు సోషల్ మీడియా నియమాలూ అటకెక్కాయి. మళ్లీ 2002 నాటి ‘ఇంటర్నెట్ చాటే’ దిక్కయింది.

రూలు లేని చోట అధికారుల కోపమే రూలవుతోంది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని గదగ్ వైద్య కళాశాల విద్యార్థులు 38 మంది ఆస్పత్రి ఆవరణలో రీళ్లు చేసినందుకు చర్య ఎదుర్కొన్నారు. ఆస్పత్రిలో సినిమా పాటలకు ఆడటం తప్పే, సందేహం లేదు. అయితే పాటకు ఆడిన విద్యార్థికి పడ్డంత వేగంగా, ఆస్పత్రి ఫోన్ నంబరుతో వైద్యం అమ్ముకునే వీడియోకు శిక్ష పడ్డట్టు ఎక్కడా కనబడదు. ఇది ఒక్క మన దేశపు జబ్బే కాదు. అమెరికాలో ఒక సర్జరీ పత్రిక, యువ సర్జన్ల ఖాతాలను దొంగ ప్రొఫైళ్లతో తొంగి చూసి, బికినీ ఫొటోలను కూడా వృత్తికి తగనివాటిలో లెక్కేసిన పరిశోధనను అచ్చేసింది. 2020 జులైలో మహిళా డాక్టర్లు బికినీ ఫొటోలు పెట్టి మరీ నిరసన తెలిపాక ఆ వ్యాసం వెనక్కి పోయింది.

ఈ పరువు గొడవలో, తప్పును బహిరంగంగా నిలదీసే అసలు పని మరుగున పడుతుంది. 2020 మే 22న లాన్సెట్ పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద, 96 వేల మంది రోగుల వివరాలు చూశామంటూ ఒక పరిశోధన వచ్చింది. అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు ట్రయల్‌నే ఆపింది. ఆ అంకెలు అతకడం లేదని పరిశోధకులు ట్విట్టర్‌లో, బహిరంగ లేఖలో నిలదీశారు. రెండు వారాలు తిరగకుండా, జూన్ 4న వ్యాసం రద్దయింది. నిపుణులు ముందే తూచి అచ్చేసిన వ్యాసంలోని లోపాన్ని బహిరంగ చర్చ బయటపెట్టింది.

ఇలా నోరు విప్పేవాళ్లకు రక్షణ ఏదీ? లివర్‌డాక్ పేరుతో రాసే కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ మూలికా మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల గురించి రాస్తుంటారు. హిమాలయ సంస్థ వేసిన దావాలో, 2023 సెప్టెంబరులో బెంగళూరు సివిల్ కోర్టు ఆయన వాదన వినకుండానే ఇచ్చిన ఉత్తర్వుతో ఎక్స్ ఖాతా మొత్తం మూతపడింది. ఆ సంస్థ గురించిన పోస్టులు దాచాలన్న షరతు మీద హైకోర్టు దాన్ని తెరిపించింది. ఆయన భాష కటువే, ఒక్కోసారి అవసరానికి మించి కటువు. దానికి జవాబు ఆధారాలతో చెప్పాలి గానీ, ఖాతా మూయించి కాదు.

జాతీయ వైద్య కమిషన్ సోషల్ మీడియా నియమాలను జెనరిక్ గొడవ నుంచి విడదీసి విడిగా తేవచ్చు. వాటికి రెండు చేర్పులు కావాలి. డాక్టరు ఏ కంపెనీ దగ్గర డబ్బు తీసుకున్నా వీడియో మొదట్లోనే చెప్పాలి. రిజిస్ట్రేషన్ నంబరు తెర మీద కనబడాలి. ఇక ప్రజారోగ్యం గురించి ఆధారాలతో మాట్లాడిన డాక్టరు మీద కంపెనీ దావా వేస్తే, కమిషన్ తరఫున ఒక నిపుణుడు కోర్టులో నిలబడి సైన్సు సంగతి చెప్పాలి. శివరంజని ఎనిమిదేళ్లు చేసిన పనిలో సగం, నిజానికి ఆ కమిషన్‌దీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐదీ.