దుబ్బు చీల్చాల్సిందే

ఇంట్లో మొక్కలు మరీ ఎక్కువైపోయాయని గొణిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. గునపం తీసుకుని వాటిని తవ్వి విడదీసేవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పచ్చగా ఉన్న మొక్కని పీకకూడదు అన్న మాట మనలో అంత లోతుగా దిగిపోయింది. కిక్కిరిసిన పెరడుని కదపకుండా వదిలేయడాన్ని అందరూ ప్రేమ అంటారు. నాకైతే అది బద్ధకంలా కనిపిస్తుంది, కొన్నిచోట్ల పిసినారితనంలా కూడా.

మా ఇంటి సంగతే తీసుకుందాం. తెనాలిలో మా ఇంటి వెనక చిన్న పెరడుంది. గోడ వారన నాయనమ్మ పెట్టిన నేల సంపెంగ వరస ఉంది. అదేనండీ, పూలకొట్లో లిల్లీ అని అమ్మేది. ఎనిమిదేళ్ళపాటు దాన్ని ఎవరూ తవ్వలేదు. చివరి మూడేళ్ళూ ఆకు తప్ప పువ్వు లేదు. అమ్మ ఎరువు వేసింది, నాన్న మందు కొట్టాడు, పక్కింటి అత్తయ్యగారు దిష్టి అన్నారు. అసలు కారణం మట్టి కింద ఉంది. నేల సంపెంగ దుంప ఒక్కసారి కాడ వేసి పూశాక మళ్ళీ పూయదు. దాని చుట్టూ పిల్ల దుంపలు పుడతాయి, అవి ఊరి లావయ్యాక వాటి వంతు వస్తుంది. అన్నీ ఒకే చోట ఇరుక్కుంటే ఏ ఒక్కటీ లావు కాదు. అందరూ తింటున్నారు, ఎవరి కడుపూ నిండట్లేదు. ఇంక పువ్వెక్కడి నుంచి వస్తుంది?

కిందటేడు ఫిబ్రవరిలో, ఆకులు పసుపెక్కాక, నీళ్ళు ఆపేసి తవ్వాం. పళ్ళెమంత ఒక్క దుబ్బులో నలభై మూడు దుంపలు వచ్చాయి. వాటిలో ఉసిరికాయంత ఉన్నవి తొమ్మిదే, మిగతావి శనగ గింజ నుంచి రేగిపండు సైజు దాకా. విడదీసి నీడలో ఆరబెట్టాం. తొలకరి పడ్డాక పెద్దవాటిని జానెడు దూరంలో నాటాం, చిన్నవి వేరే మడిలో పెంచుతున్నాం. దసరా దాటాక కాడలు లేచాయి. నాయనమ్మ ఒక్క మాట కూడా అనలేదు గానీ రోజూ రాత్రి పెరటి తలుపు తీసే పడుకుంది.

ఈ పని ఎలా చేయాలో తెలుసుకుందామని ముందు ఇంగ్లీషులో వెతికాను. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం కదా, అలవాటు. డేలిలీ, హోస్టా, పియనీ వచ్చాయి. చలికాలానికి ముందు గానీ మంచు కరిగాక గానీ తవ్వమని సలహా. మన దగ్గర మంచు ఎక్కడ కరుగుతుంది? అక్కడ చలికి పైభాగం చచ్చిపోయి వేరు నిద్రపోతుంది, అందుకే ఆ లెక్క. మనకి మొక్కని చంపేది ఏప్రిల్, మే ఎండ. కాబట్టి మన లెక్క వానతో మొదలవుతుంది. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. అప్పటి నుంచి ఆరుద్ర కార్తె దాకా మబ్బు పట్టి ఉండే రోజుల్లో, సాయంత్రం పూట, దేన్ని కదిపినా బతుకుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాయనమ్మకి పావు నిమిషం కూడా పట్టలేదు. నేను వెతుకుతూ రెండు గంటలు కూర్చున్నాను.

చామంతిది ఇంకో రకం. శీతాకాలం పూత అయిపోగానే చాలామంది ఎండిన మొక్కని చూసి కుండీతో సహా పారేస్తారు. కాండాన్ని మొదలు దగ్గర కోసేసి నీళ్ళు పోస్తుంటే చుట్టూ పిలకలు లేస్తాయి. వాటిని ఎండాకాలం నీడలో కాపాడుకుంటే చాలు, వానల్లో ఒక్కొక్కటీ వేరు చేసి నాటుకోవచ్చు. పగలు కురచయ్యే కాలంలో మళ్ళీ మొగ్గ కడతాయి. ఒక్క కుండీ నుంచి ఐదారు కుండీలు. అయినా మనం ప్రతి నవంబరులో మళ్ళీ డబ్బు పెట్టి కొంటాం.

అరటి ఉన్న ఇళ్ళలో అయితే పిలకలన్నీ అలాగే ఉంచేసి, గెల చిన్నగా వచ్చిందని ఏడుస్తారు. తల్లి చెట్టు తింటున్న తిండిలోనే అవి కూడా వాటా తీసుకుంటాయి. సన్నగా కత్తిలాంటి ఆకులున్న సూది పిలకనే నాటుకోవాలి. వెడల్పాటి ఆకులతో ముద్దుగా కనిపించే నీటి పిలక చూడ్డానికే బాగుంటుంది, దానికి బలం ఉండదు. కరివేపాకు చెట్టు కింద లేచే పిలకలు తల్లి వేరు నుంచే వస్తాయి. వాటిని ఒక్కసారిగా లాగేస్తే చేతికి పుల్ల మాత్రమే మిగులుతుంది. ముందు తల్లి వైపు వేరు కోసి, కొన్ని వారాలు అక్కడే ఉంచి, సొంత వేర్లు పోసుకున్నాక మట్టి గడ్డతో ఎత్తాలి. ఎత్తాక సగం ఆకు కోసేయాలి. వేర్లు తెగిన మొక్క తాగేది తక్కువ, ఆకుల్లోంచి పోయే నీరు మాత్రం అంతే. ఆకు కోయడానికి మనసొప్పక చంపుకునేవాళ్ళే ఎక్కువ.

మన బ్రాంచివాళ్ళకి నచ్చే ఉదాహరణ ఒకటుంది. హాస్టల్ కిటికీల్లో కనిపించే స్నేక్ ప్లాంట్, ఆకు అంచుకి పసుపు చార ఉండే రకం. ఆకు ముక్క కోసి మట్టిలో గుచ్చితే కొత్త మొక్క వస్తుంది గానీ చార రాదు, ఉత్త పచ్చగా వస్తుంది. ఆ చార ఒకే మొక్కలో రెండు రకాల కణాల పొరలు కలిసి ఉండటం వల్ల వచ్చేది. ఆకు ముక్క నుంచి పుట్టే కొత్త మొక్కలో ఆ అమరిక నిలవదు. దుబ్బు నుంచి పిలక విడదీసి నాటితే చార అలాగే ఉంటుంది. కాపీ పేస్ట్ చేస్తే ఫార్మాటింగ్ పోవడం లాంటిదే అనుకోండి. ఢిల్లీ కనకాంబరానికి అసలు గింజే పట్టదు, కొమ్మ నాటాల్సిందే. అంటే ఈరోజు ఏ పెరట్లో ఢిల్లీ కనకాంబరం కనిపించినా, ఎప్పుడో ఎవరో ఒక కొమ్మ విరవడం వల్లే అది అక్కడుంది.

ఇక్కడే నాకు అసలు కోపం. మనవాళ్ళకి ఒక నమ్మకం, మనీ ప్లాంట్ దొంగిలిస్తేనే బాగా పెరుగుతుందట. ఇంకో నమ్మకం, శుక్రవారం ఇంట్లోంచి మొక్క బయటికి ఇవ్వకూడదట. మా వీధిలో అన్ని వారాలూ శుక్రవారమే. ఒకావిడ దగ్గర ముదురు ఎరుపు మీద పసుపు చుక్కల మెట్టతామర ఉండేది. అలాంటిది చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. అడిగితే "తవ్వితే తల్లి మొక్క చచ్చిపోతుంది" అనేది. మెట్టతామర దుంప ముక్క ఒక్క కన్ను ఉన్నా చాలు లేచి కూర్చుంటుంది, చంపమన్నా చావదు. ఆవిడ పోయాక పిల్లలు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. జేసీబీ ఒక్క పొద్దుటిలో అంతా ఎత్తి ట్రాక్టర్లో పోసింది. ఇప్పుడక్కడ ఐదంతస్తులు, కింద పార్కింగు. ఆ రంగు మెట్టతామర మా వీధిలో ఇంక లేదు. ఎవరికైనా ఒక్క ముక్క ఇచ్చి ఉంటే ఉండేది.

మా నేల సంపెంగ దుంపలు నాయనమ్మ రేపల్లె దగ్గర పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఆ ఇల్లూ లేదు, ఆ పెరడూ లేదు. ఇప్పుడు మా ఇంట్లోనూ భోజనాల దగ్గర బిల్డర్ మాట వినిపిస్తోంది. నాన్నని తప్పుపట్టను, ఆయన లెక్కలు ఆయనకున్నాయి. కానీ ఆ గోడ వారన ఉన్నదంతా ఒకే చోట ఉండటం నాకు భయంగా ఉంది. బ్యాకప్ లేని ప్రాజెక్టుని ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంచుకుని నిద్రపోయేవాళ్ళు మన క్లాసులోనూ ఉన్నారు, వాళ్ళకి ఈ భయం వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటినీ తవ్వమని నేననట్లేదు. మల్లెకి దుబ్బు చీల్చే పని లేదు. కొమ్మ వంచి మట్టిలో అంటు తొక్కితే అదే వేరు వేస్తుంది. బొప్పాయిలాంటివి కదిపితే అలుగుతాయి, వాటి జోలికి పోవద్దు. పూత మీదున్న దేన్నీ ముట్టుకోవద్దు. ఇంక నాయనమ్మలని అడక్కుండా మాత్రం అస్సలు తవ్వొద్దు. మా ఇంట్లో ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. చివరికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, దుంపలు ఎవరికిచ్చినా వాళ్ళ పేరు తనకి చెప్పాలి. అందుకని ఇప్పుడు నా దగ్గర ఒక నోట్‌బుక్కుంది, పదహారు పేర్లయ్యాయి.

సెలవులయ్యాక జూన్ రెండో వారంలో హాస్టల్‌కి వచ్చేటప్పుడు తెస్తున్నవి ఇవి: నేల సంపెంగ దుంపలు ముప్పై దాకా, చామంతి పిలకలు ఇరవై, కలబంద పిల్లలు ఎన్నంటే అన్ని, చార ఉన్న స్నేక్ ప్లాంట్ నాలుగు. ఖాళీ పెరుగు బకెట్టు ఉంటే అడుగున చిల్లులు పెట్టి తెచ్చుకోండి. డబ్బులొద్దు. మీ పేరు, ఊరు, ఆ మొక్క ఎక్కడ నాటబోతున్నారో చెప్పాలి, నాయనమ్మ అడుగుతుంది.